పొలుసు రాలని కర్రులు

కందుల ట్రేల మధ్య ఆ యువకుడు నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

మెడ దాకా బూడిద రంగు దుప్పటి. తల కింద మడత పెట్టిన గోనెసంచి. ఒంటి మీద దెబ్బ లేదు. నెత్తురు చుక్క లేదు. ముఖం మాత్రం చచ్చిన మనిషి ముఖంలా లేదు. బుగ్గలు ఎర్రగా, ఎండలో తిరిగి వచ్చినవాడి బుగ్గల్లా ఉన్నాయి.

ఆ ఎరుపు చూడగానే సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కాలేబు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నీలాంబికా, ఈ గదికి కిటికీ ఉన్నదా?"

"లేదు సార్. తలుపొక్కటే," అంది హెడ్ కానిస్టేబుల్ నీలాంబిక.

"అందరిని బయటికి పంపు. తలుపు బార్లా తెరువు. జల్దీ."

గుమ్మం బయట ఒక జత రబ్బరు చెప్పులు ఉన్నాయి. తినే సరుకు ఆరబెట్టే గది. లోపలికి ఎవరూ చెప్పులతో పోరు. కాలేబు వాటిని దాటి బయటికి వచ్చి, చలిగాలిని గుండె నిండా పీల్చుకున్నాడు.

నారాయణఖేడ్ నుంచి కంగ్టికి పోయే రోడ్డు మీద, ఊరు దాటగానే వస్తుంది బండెప్ప వర్క్‌షాప్. ట్రాక్టర్ కర్రులు, గొడ్డళ్లు, గానుగ ఇరుసులు ఇక్కడికి మెత్తగా వస్తాయి. ఫర్నేస్‌లో ఎర్రగా కాలి, నూనె తొట్టిలో మునిగి, గట్టిబడి బయటికి పోతాయి. ఇనుముకు పదును పెట్టే పని. బండెప్పది ముప్పై ఏళ్ల అనుభవం.

ఈ ఏడాదే ఆ షెడ్డుకు ఒక కొత్త గది వచ్చింది. ఫర్నేస్ పొగగొట్టంలోంచి ఆకాశానికి పోయే వేడిని పట్టి, ఆ వేడితో పక్క గదిలో నానిన కందులు ఆరబెడతారు. డీజిల్ ఒకటే, పనులు రెండు. చుట్టుపక్కల మండలాల రైతులు ట్రాలీల్లో కందులు తెచ్చి పోస్తున్నారు.

ఆ గదిని చూసుకునేవాడే చచ్చిపోయినవాడు. పేరు జుబేర్. పాతికేళ్లు నిండలేదు.

"ముందుగాల చూసింది ఎవరు?"

"నేనే సార్," అన్నాడు బండెప్ప. భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. డిసెంబర్ చలిలోనూ అతనికి చెమట పోస్తోంది. "తొమ్మిదిన్నరకు కందులు చూద్దామని తలుపు తీసిన. పండుకున్నడేమో అని పిలిచిన. లేవలే."

"లోపలికి పొగ ఎట్ల వచ్చింది?"

బండెప్ప గోడ పక్కకు తీసుకుపోయాడు. తలుపుకు రెండడుగుల దూరంలో, నడుము ఎత్తున, లావుపాటి రేకు గొట్టం గోడలోకి పోతోంది. దాని లోపల ఫర్నేస్ పొగ సన్నటి ట్యూబుల్లో పోతుంది. ట్యూబుల చుట్టూ ఫ్యాన్ తోసే మంచి గాలి తిరిగి, వేడెక్కి, గదిలోకి వెళ్తుంది. పొగ వేరు, గాలి వేరు. రెండూ కలవకూడదు. ట్యూబులు శుభ్రం చేయడానికి పెట్టిన మూత ఇప్పుడు ఒక్క బోల్టు మీద వేలాడుతోంది. మిగతా బోల్టులు మట్టిలో పడి ఉన్నాయి.

"ఫ్యాన్ అదురుడుకు ఊడినయ్ సార్. నేను జెప్తనే ఉన్న, గా పిల్ల కట్టిన డిజైన్ మంచిగ లేదని."

"ఏ పిల్ల?"

"సిద్రా. ఇంజనీర్. ఈడి పిల్లనే. ఎనర్జీ ఆడిట్, డీజిల్ ఖర్చు తగ్గిస్త అనుకుంట వచ్చింది."

కాలేబు నోట్ చేసుకోలేదు. బండెప్ప అడగకముందే వేలు చూపించాడు. అది చాలు, గుర్తుంటుంది.

"పొద్దున ఫర్నేస్ ఎవరు వెలిగించిండ్రు?"

"నేనే," అంది వెనుక నుంచి ఒక గొంతు.

వీరప్ప. బండెప్ప దగ్గర మొదటి నుంచీ ఉన్న ఫర్నేస్ మేస్త్రీ. యాభై దాటిన మనిషి. కనుబొమలు ఎప్పుడో కాలి మళ్లీ సరిగా మొలవలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎన్నిటికి?"

"ఆరున్నర."

"జుబేర్ లోపల ఉన్నడని తెలుసా?"

"తెల్వది. ఆని బండి లేదు. రాలే అనుకున్న."

"బండి రిపేర్‌కు ఇచ్చిండట. రాత్రే నడిచి వచ్చి లోపల పండుకున్నడు."

"అది నాకు తెల్వది సార్."

"పొగ వచ్చిందా?"

"ముట్టించినప్పుడు కొంచెం వస్తది. ఏ బట్టీకైనా వస్తది. తర్వాత మంట మంచిగనే ఉండె."

బండెప్ప అతని వైపు తిరిగి కన్నడంలో గబుక్కున ఒక మాట అన్నాడు. వీరప్ప నోరు మూశాడు.

అంబులెన్స్ వచ్చింది. జుబేర్‌ను ఎత్తుతున్నప్పుడు బండెప్ప దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"సార్, ఒక మాట. గా నూనె తొట్టి కాడ ఉన్న కర్రులు పొద్దటి మాల్. ట్రాలీ ఎక్కించుకోనిస్తరా? రైతులు ఆగుతలేరు."

కాలేబు అతని ముఖంలోకి చూశాడు.

"మనిషి ఇంక గేటు దాటలే, బండెప్పా."

"అది గాదు సార్..."

"ఒక్క మొల గూడ కదలొద్దు."

---

మధ్యాహ్నానికి దవాఖాన నుంచి డాక్టర్ ఫోన్ చేశాడు. కాలేబు అనుకున్నదే. కార్బన్ మోనాక్సైడ్. బుగ్గల ఎరుపు దాని గుర్తే. రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడు నిద్రలోనే పోతాడు.

సిద్రా స్టేషన్‌కు తానే వచ్చింది. ముప్పై ఏళ్ల లోపు మనిషి. కళ్లు వాచి ఉన్నాయి. వాకిట్లో ఉన్నవాళ్లు అప్పటికే ఆమెను వేలెత్తి చూపుతున్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేనే చంపిన్నా సార్? నిజం చెప్పుండ్రి."

"నువ్వే చెప్పు. ఏం కట్టినవ్? మొదటి నుంచి చెప్పు."

చెప్పింది. బండెప్ప దగ్గర రెండు ఫర్నేస్‌లు ఉండేవి. పాత ఇటుక గోడలు. పొద్దున వెలిగిస్తే ఇటుక కాలడానికే సగం డీజిల్ పోయేది. ఆమె ఇటుక మీద సిరామిక్ ఉన్ని పరుపులు వేయించింది. మంట వేడి గోడకు కాకుండా ఇనుముకు పోవడం మొదలైంది. రెండింటి పని ఒక్కటే చేయసాగింది. గొట్టంలో పోయే వేడి ఇంకా మిగిలింది. దానికే కందుల గది.

"మూత ఊడితే మనిషి చస్తడా?"



"మంట సరిగ్గ ఉంటే ఆ పొగల విషం చాన తక్కువ సార్. కండ్లు మండుతయి, దగ్గు వస్తది, లేచి బయటికి ఉరుకుతడు. ఇంత జల్దీ మనిషిని చంపాలంటే మంటకు గాలి చాలకుండ ఉండాలె. గాలి తక్కువైతే డీజిల్ సగమే కాలుతది. అప్పుడు పుడుతది ఆ గ్యాస్."

"వెలిగించినప్పుడు పొగ వచ్చిందంటుండు వీరప్ప."

"అది రెండు నిమిషాల ముచ్చట సార్. దానికి ఈ గది నిండది."

"మరి ఆ తర్వాత కూడ గాలి తక్కువ ఉండెనని ఎట్ల తెలుస్తది?"

ఆమె చేతులు చాచింది.

"మంట ఆరిపోయినంక ఏం తెలుస్తది సార్? గాలి వాల్వు ఇప్పుడు మంచిగనే తెరిచి ఉన్నది. నేను చూసిన."

కాలేబు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమె చెప్పినది నిజమే కావచ్చు. ప్రాణభయంతో అల్లిన కథ కూడా కావచ్చు. ఫ్యాక్టరీ చావులు అతనికి కొత్త కాదు. ప్రతి చావులోనూ ఆఖరికి తప్పు ఎవరో ఒక బయటి మనిషి మీదకే పోతుంది. షెడ్డు మాత్రం మళ్లీ తెరుచుకుంటుంది.

సాయంత్రం జుబేర్ ఇంటికి పోయాడు. తల్లి మహబూబ్‌బీ గడపలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"సాబ్, వాడు పూణె పోతనన్నడు," అంది. "నేనే ఆపిన. ఖేడ్ల పని దొరికింది, ఇంటికాడ తిను, ఇంట్ల పండు అన్న. వీరప్ప ఉన్నడు గదా, పని నేర్పిస్తడు అన్న."

"వీరప్పకు జుబేర్ అంటే ఎట్ల ఉండె?"

"మంచిగ ఉండె. వాడు మామా అని పిలుస్తుండె. కానీ ఎండకాలం నుంచి వీరప్ప మాట బంద్ చేసిండు."

"ఎందుకు?"

"రెండో బట్టీ బంద్ అయింది గద. దాని మీద ఉన్న నలుగురిని తీసేసిండ్రు. అందుల వీరప్ప తమ్ముడున్నడు, మాణిక్యప్ప. వాడు పెండ్లాం పిల్లలను తీసుకొని చెరుకు నరకనీకె పోయిండు. ఆ ఎండల వాని చిన్న బిడ్డ సచ్చిపోయింది." ఆమె కొంగు సర్దుకుంది. "మా జుబేర్ ఏం జేసిండు సాబ్? వానికి పని ఇచ్చిండ్రు, చేసిండు."



---

మర్నాడు పొద్దున అతను ఒక్కడే షెడ్డుకు వచ్చాడు. గేటు దగ్గర కాపలా కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టాడు. ఆవరణలో రెండు కుప్పలు. ఒకటి గోడ వారన, అంతకుముందు వారాల మాల్. రెండోది నూనె తొట్టి పక్కన, జుబేర్ చచ్చిన పొద్దున తీసిన మాల్.

మొదటి కుప్పలోంచి ఒక కర్రు తీశాడు. చేతికి నల్లటి పొలుసు రాలింది, చేప పొలుసులా. చెయ్యి దులుపుకున్నాడు. ఇంకోటి తీశాడు. మళ్లీ అంతే.

రెండో కుప్ప దగ్గరికి వెళ్లి ఒకటి ఎత్తాడు. నూనె అంటింది. పొలుసు రాలలేదు.

గోటితో గీశాడు. ఏమీ రాలేదు. కర్రు నున్నగా, నీలం కలిసిన నలుపులో మెరుస్తోంది. ఇంకో రెండు చూశాడు. కుప్ప కింద నుంచి లాగి చూశాడు. అన్నీ అంతే.

ఒకే ఫర్నేస్. ఒకే ఇనుము. ఒకే మేస్త్రీ.

బండెప్ప ఈ కుప్పనే కదా ట్రాలీ ఎక్కించాలన్నాడు? గోడ వారన ఉన్న పాత మాల్ సంగతి ఎందుకు ఎత్తలేదు?

ఫోన్ తీశాడు.

"సిద్రా, ఇనుముకు పొలుసు ఎట్ల పడుతది?"

"గాలితోని సార్. ఎర్రగ కాలిన ఇనుముకు గాలి తగిలితే పైన పొలుసు కడుతది."

"కట్టకపోతే?"



"సార్," అంది. "ఆ పొద్దటి మాల్ ఉన్నదా ఇంక?"

---

పదకొండు గంటలకు అందరినీ ఫర్నేస్ ముందు కూర్చోబెట్టాడు. బండెప్ప కుర్చీలో. వీరప్ప నేల మీద. సిద్రా దూరంగా నిలబడింది. మహబూబ్‌బీని నీలాంబిక పట్టుకుని తీసుకొచ్చింది. రావద్దన్నా ఆమె వినలేదు.

కాలేబు రెండు కర్రులు నేల మీద పెట్టాడు.

"బండెప్పా, ఇదేంది?"

"కర్రు సార్."

"ఇది?"

"అది గూడ కర్రే."

"రుద్దు."

బండెప్ప కదల్లేదు. కాలేబే రుద్దాడు. ఒకదాని మీద నుంచి పొలుసు జలజల రాలింది. రెండోది రాలలేదు.

"వీరప్పా, ఇంత నున్నటి మాల్ ఈ బట్టీల ఎప్పుడన్న తీసినవా?"

"ఒక్కోపారి వస్తది."

"ఎప్పుడు వచ్చింది? ఒక్క కర్రు చూపెట్టు. గా కుప్పంత నీ ముందరనే ఉన్నది."

వీరప్ప కుప్ప వైపు చూడలేదు.

"మంటకు గాలి సరిపోతే ఇనుముకు పొలుసు కడుతది," అన్నాడు కాలేబు. "గాలి చాలకపోతే కట్టది. ముట్టించినప్పుడు కాసేపు పొగ వచ్చి, తర్వాత మంట మంచిగైతే ఈ కర్రులకు పొలుసు రావాలె. రాలే. కుప్ప మీదిదానికీ రాలే, అడుగుదానికీ రాలే. అంటే మాల్ కాలినంత సేపు ఎవరో గాలి తగ్గించి పెట్టిండ్రు. మూత అదురుడుకు ఊడుతదేమో. గాలి వాల్వు మాత్రం తనంతల తాను మూసుకొని, పని అయినంక తనంతల తాను తెరుచుకోదు. ఆ పొద్దు బట్టీ మీద ఎవరున్నరు?"

రోడ్డు మీద కంగ్టి బస్సు పోయిన చప్పుడు.

"నువ్వొక్కనివే ఉన్నవ్."

వీరప్ప తల దించుకునే ఉన్నాడు.

"కందులకు పొగ వాసన పట్టాలె అనుకున్న," అన్నాడు. "గంతే. పొగ వాసన పడితే రైతులు మాల్ వాపస్ తీసుకపోతరు. గది మూత పడుతది. మళ్ల రెండు బట్టీలు పెడుతరు. నా తమ్ముడు వాపస్ వస్తడు. గంతే అనుకున్న సార్."

సిద్రా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏం తప్పు జేసిన?" వీరప్ప ఒక్కసారిగా తలెత్తి ఆమెను చూశాడు. "గొట్టంలకెళ్లి వట్టిగ పోయే వేడిని మంచిగ పట్టుకున్నవ్. గొట్టంలకెళ్లి మనుషులు పోతే ఎవరు పట్టుకున్నరు? నా తమ్ముని బిడ్డ చెరుకు తోటల సచ్చింది. అది నీ లెక్కల ఉన్నదా?"

"నలుగురిని తీసేయమని నేను చెప్పలే," అంది సిద్రా. "గదిల ముగ్గురు కావాలె, పల్లీలు గూడ వేపుదాం, మిర్చి ఆరబెడుదాం, బట్టీ మీది వాళ్లకే ఆ పని ఇద్దాం అన్న. నేను అన్ననా లేదా, బండెప్ప సావుకారీ?"

బండెప్ప తువ్వాలు వైపు చూసుకున్నాడు.

"ఒక్కనితోని అయితుంటే ముగ్గురెందుకు?" అని గొణిగాడు.

కాలేబు వీరప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇంకొక మాట. మూత తలుపు పక్కనే ఉన్నది. రెండడుగులు. తలుపు ముందర జుబేర్ చెప్పులు ఉన్నయి. నువ్వు బోల్టులు ఇప్పుకుంట అక్కడనే నిలబడ్డవ్."

కాలేబు తలుపు వైపు చెయ్యి చూపించాడు.

"చెప్పులు చూసినవా?"

వీరప్ప నేల మీద రాలిన పొలుసును వేలితో నొక్కాడు.

"వీరప్పా. చూసినవా లేదా?"

"చూసిన." మాట గాలిలా వచ్చింది. "నిన్నటివి మరిచిపోయిండేమో అనుకున్న. బండి లేదు గద. తలుపు తీసి చూస్తే అయిపోతుండె. తీయలే."

"ఎందుకు తీయలే?"

"తీస్తే లోపల ఉంటుండె గద సార్."

నీలాంబిక చూపు తిప్పేసుకుంది. మహబూబ్‌బీ మెల్లగా లేచి వీరప్ప ముందుకు వచ్చింది. కొడుతుందని అందరూ అనుకున్నారు. కొట్టలేదు.

"వాడు నిన్ను మామా అన్నడు," అంది. "నీ తమ్ముని బిడ్డ సచ్చిన దినం మా ఇంట్ల గూడ పొయ్యి ముట్టియ్యలే. యాది లేదా?"

వీరప్ప నేలకు నుదురు ఆనించాడు. ఆమె అక్కడ నిలబడలేదు. గేటు వైపు నడిచింది.

కాలేబు లేచాడు. బండెప్ప కుర్చీ ముందుకు వెళ్లాడు.

"నిన్న నువ్వు వీరప్పతోని కన్నడంల ఏం అన్నవ్?"

"ఏం అనలే సార్."

"'సుమ్మనిరు' అన్నడు సార్," అంది నీలాంబిక. "మా ఇంట్ల గూడ అదే భాష. నోరు మూసుకో అని."

"ముప్పై ఏండ్ల సంది ఇనుము పట్టినవ్," అన్నాడు కాలేబు. "ఆ కర్రు చూడంగనే నీకు తెలిసింది. అందుకే ముందుగాల ఆ మాలే పంపుదామన్నవ్. ఆ పిల్ల జైలుకు పోయినా నీకు ఫరక్ పడలే."

బండెప్ప కాదనలేదు. ముఖంలో సిగ్గు కూడా లేదు. అలసట ఉంది.

"మేస్త్రీ పోతే బట్టీ ఎవరు నడుపుతరు సార్?" అన్నాడు. "ఇంజనీర్లు మస్తు మంది దొరుకుతరు."

---

వీరప్పను రిమాండ్‌కు పంపారు. హత్యా, కాదా అన్నది కోర్టు తేల్చాలి. సాక్ష్యం దాచినందుకు బండెప్ప మీద వేరే కేసు పెట్టారు. అతనికి బెయిల్ దొరికింది. సిద్రా పేరు కేసులోంచి తీసేశారు. కానీ ఖేడ్‌లో ఆమెను ఏ షెడ్డు వాళ్లూ మళ్లీ పిలవలేదు. పిలిచి గది కట్టించుకుని, రేపు ఏదన్నా అయితే?

సంక్రాంతి దాటాక, కందుల గది సీలు తీయమని కోర్టు ఆర్డర్ వచ్చింది. కాలేబు తానే వెళ్లాడు.

దూరం నుంచే రెండు పొగలు కనిపించాయి. రెండు ఫర్నేస్‌లూ మండుతున్నాయి. కందుల గదికి పోయే గొట్టాన్ని కోసి పక్కన పడేశారు. వేడి అంతా మళ్లీ తిన్నగా ఆకాశంలోకి పోతోంది. గొట్టాల పైన గాలి నీళ్లలా వణుకుతోంది.

తీసేసిన నలుగురూ పనిలో ఉన్నారు. రెండో ఫర్నేస్ దగ్గర వీరప్ప పోలికలున్న మనిషి పట్టకారుతో కర్రులు లాగుతున్నాడు.

"మాణిక్యప్పవా?"

"అవ్ సార్."

"ఎప్పుడొచ్చినవ్?"

"పదిహేను దినాలైతుంది. సావుకారి కబురు పెట్టిండు. అన్న లేడు గద, పని తెలిసినోళ్లు ఇంకెవరున్నరు అన్నడు." పట్టకారు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "అన్న అనుకున్నదే అయింది సార్. రెండు బట్టీలు మండుతున్నయి. మేము వాపస్ వచ్చినం."

ఆ మాటలో సంతోషం వెతికాడు కాలేబు. కనపడలేదు.

"జైలుకు పోయినవా, అన్నను చూడనీకె?"

"పోయిన. మాట్లాడలే. పని దొరికిందా అని అడిగిండు. దొరికింది అన్న. ఏడ్సిండు."

కాలేబు కాగితాల మీద సంతకం పెట్టి, గది తాళం బండెప్ప మనిషికి ఇచ్చాడు. జీపు ఎక్కబోతూ ఆగాడు.

"ఇల్లు ఏడ?"

"పాత ఇల్లే సార్. మహబూబ్‌బీ గల్లీల." మాణిక్యప్ప ఫర్నేస్ మంట వైపు చూస్తూ అన్నాడు. "దినాం పొద్దుగాల గామె గడప ముందరికెళ్లే డ్యూటీకి రావాలె. నేను పలకరించక ముందే, బువ్వ తిన్నవా బిడ్డా అంటది. ఇంకో తొవ్వ కోసం చూసిన సార్. లేదు."